నలుపు దేవుడికైతే నీలం, రాక్షసుడికైతే నలుపే
పిల్లల బొమ్మల సినిమాలు, మన పటం కథలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ఒక చూపు

కులం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం బావి గురించి మాట్లాడుతాం. గుడి గురించి, హోటల్లో వేరే పెట్టిన గ్లాసు గురించి, భూమి, కూలి, రిజర్వేషన్ల గురించి మాట్లాడుతాం. ఇవన్నీ కొట్లాడి నేర్చుకున్న విషయాలు. పిల్లలు చూసే బొమ్మల సినిమా గురించి మాత్రం మాట్లాడం. "పోరగాండ్లు చూసేది, దాంట్ల ఏముంటది" అని వదిలేస్తాం. కోరుట్లలో తల్లి బీడీలు చుట్టుకుంట కూసుంటది. సిరిసిల్లలో తండ్రి సాంచాల కాడ రాత్రి షిఫ్టుల ఉంటడు. పిల్లవాడు ఏడ్వకుండా నాలుగు ముద్దలు తినాలంటే చేతిలో ఫోన్ పెట్టక తప్పదు. అది తల్లిదండ్రుల తప్పని మేము అనం. కాని ఆ ముద్దతోపాటు పిల్లవాడి లోపలికి ఇంకేం పోతున్నదో అడగవలసిన బాధ్యత చదువుకున్న మన మీద ఉన్నది.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల యానిమేషన్ సినిమాల్లో కులం పేరు ఎక్కడా వినిపించదు. పేరు వినిపించదు గనుకనే అది బలంగా పనిచేస్తుంది. ఎవరి ఒంటికి ఏ రంగు వేశారు, ఎవరి నోట్లో ఏ మాట పెట్టారు, ఎవరి కథను అసలే గీయలేదు అనే మూడు దారుల్లో అది పిల్లల దగ్గరికి వస్తుంది. మూడో దారి అన్నిటికన్నా ప్రమాదమైనది. ఎందుకంటే మన దగ్గర బొమ్మల కథలు లేకపోలేదు. ఉన్నాయి. వాటిని మన చేతిలోంచి జారవిడిచి, ఇప్పుడు ఇంకొకరు గీసిన బొమ్మలో మన మొహాన్ని వెతుక్కుంటున్నాం.

మన దగ్గర బొమ్మల కథ ఎప్పటిది?

యానిమేషన్ అంటే అమెరికా నుంచి వచ్చిన సంగతి అనుకుంటాం. గీసిన బొమ్మలను వరుసగా చూపిస్తూ, గొంతుతో, పాటతో వాటికి ప్రాణం పోయడమే దాని సారమైతే, తెలంగాణలో ఆ పని తరతరాలుగా జరిగింది. పటం కథలంటే అవే. పొడుగాటి బట్ట మీద పైనుంచి కిందికి గడులు గడులుగా కథంతా గీసి ఉంటుంది. కథకుడు పటాన్ని విప్పుకుంటూ, ఒక్కొక్క బొమ్మను కర్రతో చూపుకుంటూ పాడుతాడు. గీసేది చేర్యాల నకాషీలు. చెప్పేది ఆయా కులాల మీద ఆధారపడి బతికే ఆశ్రిత కులాలవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. చాకలివాళ్లకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం ఉన్నాయి. మాదిగలకు దక్కలివాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు.

ఈ పటాల్లో ఉన్న ముఖ్యమైన విషయం ఏమిటంటే, చూసేవాడే కథానాయకుడి వంశంవాడు. సిరిసిల్ల నేతగాని పిల్లవాడు కూనపులి పటం ముందు కూర్చుంటే, దేవతలకు బట్ట నేసిన భావనారుషి వాడి మూలపురుషుడు. బట్ట నేయడం అక్కడ కూలి పని కాదు, దేవతల మానం కాపాడిన పని. మాదిగ పిల్లవాడు దక్కలి పటం ముందు కూర్చుంటే, జాంబవుడు ఆదిపురుషుడు. భూమి పుట్టకముందే పుట్టినవాడు. దేవుళ్లకన్నా పెద్దవాడు. ఇదే కథను చిందు మాదిగలు ఆటగా కట్టినప్పుడు జాంబవుడు బ్రాహ్మణుని ఎదురుగా నిలబెట్టి పుట్టుక గురించి, అంటు గురించి ప్రశ్నలు వేస్తాడు. చదువు రానివ్వని కాలంలో వాడ పిల్లలకు దొరికిన వాదన పాఠం అది.

దీన్ని బంగారు యుగంగా చూపించే ఉద్దేశం మాకు లేదు. ఆ పటాల్లోనూ అసురులు ఉన్నారు. జాంబపురాణంలో పెద్దరికంతోపాటు కామధేనువు మాంసం కథ, పతనం కథ కూడా ఉన్నాయి. మాదిగలకు పురాణం చెప్పే దక్కలివాళ్లను మాదిగలే ఇంట్లోకి రానివ్వలేదు. వాడ బయట గుడిసె వేసుకొని ఉండాలి, దూరం నుంచి అడగాలి. మన పెద్దరికాన్ని మనకు గుర్తు చేసినవాణ్ణి మనమే కిందికి నెట్టినం. ఈ మాట ఒప్పుకోకుండా సినిమావాళ్లను తిట్టే హక్కు మనకు రాదు.

అయినా ఆ ఆటకు, ఆ పటానికి ఎంత విలువ ఉండేదో జగిత్యాల చరిత్రే చెబుతుంది. జగిత్యాల రైతుకూలీ ఉద్యమం గురించి రాసినవాళ్లు 1976 నవంబర్‌లో జరిగిన ఒక హత్యను నమోదు చేశారు. లక్ష్మీరాజం అనే దళితుడు దక్కలి ఆటను దళితవాడలో ఆడించినందుకు దొరల ఆగ్రహానికి గురై చనిపోయాడు. మరుసటి ఏడు, 1977 జూన్‌లో, ప్రభుత్వ బంజరును దున్నడానికి దిగిన పోశెట్టి అనే దళితుణ్ణి చంపారు. 1978 సెప్టెంబర్‌లో వేలాదిమంది రైతుకూలీలు జగిత్యాలకు నడిచివచ్చిన జైత్రయాత్ర మనందరికీ తెలుసు. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

పోశెట్టి చావుకు కారణం భూమి అని అందరం చెబుతాం. లక్ష్మీరాజం చావుకు కారణం ఒక ఆట అని చెప్పడానికి మాత్రం తడబడతాం. అంత చిన్న విషయానికి చంపుతారా అనిపిస్తుంది. దొరకు అది చిన్న విషయంగా కనపడలేదు. ఏ కథను ఎవరి వాకిట్లో ఆడాలి, ఎవరు కూర్చొని చూడాలి అనేది అధికారానికి సంబంధించిన ప్రశ్న అని దొరకు తెలుసు. మనకే ఇంకా తెలియదు. అందుకే పిల్లల సినిమా అంటే నవ్వి ఊరుకుంటున్నాం.

పటం చుట్టుకుపోయింది, పెట్టె వచ్చింది

పటం పోయి టీవీ రావడం ఒక్కనాడు జరగలేదు. ముందు అచ్చు బొమ్మ వచ్చింది. 1947 జూలైలో తెలుగులో 'చందమామ' మొదలైంది. 1967లో ఇంగ్లీషు, హిందీ చదివే పట్నపు పిల్లలకు 'అమర్ చిత్ర కథ' వచ్చింది. నున్నటి తెల్లటి దేవతలు, కోరలున్న నల్లటి రాక్షసులు అనే గీత పిల్లల కళ్లలో స్థిరపడడంలో ఈ పుస్తకాలకు పాత్ర ఉన్నది. అదే అమర్ చిత్ర కథ 1979లో బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితాన్ని కూడా బొమ్మల్లో గీసింది. అంటే గీయాలనుకుంటే గీయవచ్చు. చేతగాకపోవడం అనే మాటే లేదు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1987, 1988లలో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. అప్పటికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి మనవాళ్లు గల్ఫ్ దేశాలకు పోయి రంగుల టీవీలు, వీసీఆర్‌లు మోసుకొస్తున్నారు. వాడలో ఒకరి ఇంట్ల టీవీ ఉంటే పది ఇండ్ల పిల్లలు అక్కడే. 1993లో దూరదర్శన్‌లో మోగ్లీ వచ్చాడు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్, 2004లో పోగో, 2009లో తెలుగు పిల్లల కోసం ఖుషీ టీవీ వచ్చాయి. ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతి చెయ్యీ ఒక థియేటరే.

ఈ మధ్యలో దక్కలి, కూనపులి కథకులకు వాడలో చోటు తగ్గిపోయింది. చదువుకున్న మన తరం "అడుక్కునేవాళ్లు" అని వాళ్లను చూసి సిగ్గుపడ్డది. పటం చుట్టుకుపోయింది. ఆ ఖాళీలోకి వచ్చిన బొమ్మలు ఎవరివో చూద్దాం.

రంగు

మన దేశంలో పిల్లల యానిమేషన్‌కు వ్యాపారంగా దారి చూపిన సినిమా 2005లో వచ్చిన 'హనుమాన్'. కొండగట్టు అంజన్న కొలువైన జగిత్యాల ప్రాంతానికి హనుమంతుడు కొత్తవాడు కాదు. కొత్తగా వచ్చిందల్లా ఆ కథలోని జాంబవంతుడు. హనుమంతుని కథ చెప్పే బొమ్మల సినిమాల్లో జాంబవంతుడంటే ఒక ముసలి ఎలుగుబంటి. ఇంకొకరి బలాన్ని ఇంకొకరికి గుర్తు చేసి పక్కకు తప్పుకుంటాడు. వాల్మీకి కథలోనూ ఆయన భల్లూకమే, సినిమావాళ్లు కొత్తగా చేసిందేమీ లేదు అనవచ్చు. నిజమే. కాని మాదిగ వాడలో తాతకు తెలిసిన జాంబవుడు ఆదిపురుషుడు, మనవడికి తెలిసిన జాంబవంతుడు ఎలుగుబంటి. రెండు తరాల మధ్య మన మూలపురుషునికి బొచ్చు మొలిచింది. ఈ మార్పును ఎవరూ బలవంతంగా చేయలేదు. ఒక కథ ప్రతి ఇంట్లో మోగుతున్నది, ఇంకొకటి మూగబోయింది, అంతే.

2008లో హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ 'ఛోటా భీమ్'ను తెచ్చింది. మన రాజధానిలో తయారై దేశమంతా చూసిన కార్టూన్ ఇది. ఢోలక్‌పూర్ అనే ఊరు. భీమ్ బలవంతుడు, మంచివాడు. వాడికి పోటీగా నిలబడి, ప్రతిసారీ ఓడిపోయి, నవ్వులపాలయ్యే మొండి పిల్లవాడి పేరు కాలియా. హిందీలో కాలియా అంటే నల్లోడు. హిందీ రాని మన పిల్లలకు ఆ అర్థం తెలియకపోవచ్చు. బడిలో నల్లటి పిల్లవాణ్ణి "ఒరేయ్ కాలియా" అని పిలిచినప్పుడు మాత్రం పిలిచినవాడికీ, పడ్డవాడికీ అర్థం బాగానే తెలుస్తుంది.

పేరులో ఏముంది అనేవాళ్లకు ఒక సంగతి చెబుతాం. కృష్ణ అన్నా నలుపే. రాముణ్ణీ శ్యాముడనే అన్నారు. కృష్ణుణ్ణి మన ఆడవాళ్లు నల్లనయ్య అనే పిలుచుకున్నారు. మరి బొమ్మల సినిమాల్లో కృష్ణుడు ఏ రంగులో ఉంటాడు? నీలంగా ఉంటాడు. భూమ్మీద ఏ మనిషికీ లేని రంగు అది. కృష్ణుడు తొక్కిన పాము పేరు కాళీయుడు, ఆ పేరులోనూ ఉన్నది నలుపే. ఒక నలుపు నీలమై తల మీద ఆడుతుంది, ఒక నలుపు నలుపుగానే కాళ్ల కింద పడుతుంది. నలుపు దేవుడికైతే నీలం, రాక్షసుడికైతే నలుపే. ఈ సూత్రాన్ని ఏ పుస్తకమూ చెప్పదు. కుంచె పట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. పిల్లవాడికి వంద కార్టూన్లు చూసేసరికి వచ్చేస్తుంది. నాగులను మన పూర్వీకులుగా అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసిన పుస్తకంలోనూ, 1956లో నాగపూర్ ప్రసంగంలోనూ గుర్తు చేశారు. ఆ చరిత్ర తెలిసినవాళ్లకు కాళీయమర్దనం బొమ్మ వేరేగా కనపడుతుంది.

పిల్లల మీద దీని ప్రభావం ఏమీ ఉండదనేవాళ్లు అమెరికా చరిత్ర చూడాలి. 1940లలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లల ముందు తెల్ల బొమ్మను, నల్ల బొమ్మను పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. నల్ల పిల్లల్లోనే ఎక్కువమంది తెల్ల బొమ్మను మంచిదన్నారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. అక్కడ ఒక రంగుపెన్సిళ్ల కంపెనీ తెల్లవాళ్ల చర్మపు రంగుకు 'ఫ్లెష్' అని పెట్టిన పేరును 1962లోనే మార్చుకుంది. మన పిల్లలు ఈనాటికీ లేత గులాబీ రంగు క్రేయాన్‌ను "స్కిన్ కలర్ ఇయ్యి" అని అడుగుతున్నారు. అడిగిన పిల్ల చేతి రంగు వేరు, ఆమె చర్మం అని నేర్చుకున్న రంగు వేరు. ఈ దూరాన్నే మేము వివక్ష అంటున్నాం.

వాడ లేని ఊరు

ఢోలక్‌పూర్‌లో రాజు ఉన్నాడు, రాకుమారి ఉన్నది, మిఠాయి కొట్టు ఉన్నది. ఊరి మీదికి దొంగలు వస్తారు, మాంత్రికులు వస్తారు. చెడు ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. ఊరి లోపల అంతా కలిసిమెలిసి ఉంటారు. ఇట్లాంటి ఊరు జగిత్యాల జిల్లాలో ఎక్కడుందో మేము వెతకదలచుకోలేదు. ఊరికి ఒక కొసన మాదిగవాడ, ఇంకో కొసన మాలవాడ ఉన్న ఊర్లే మాకు తెలుసు. కార్టూన్ ఊరిలో వాడ లేదు. వాడ లేదంటే అంటరానితనం పోయిందని అర్థమా? కాదు. గీసినవాడికి వాడ కనపడలేదని అర్థం.

ఆ ఊరిలో భీమ్ కట్టుకున్న పంచె ఎవరు నేసిన్రు? కాళ్ల చెప్పులు ఎవరు కుట్టిన్రు? చచ్చిన గొడ్డును ఎవరు మోస్తరు? సిరిసిల్లలో సాంచా చప్పుడు మధ్య పెరిగిన పిల్లవాడు, బట్ట ఎక్కడినుంచి వస్తుందో బాగా తెలిసిన పిల్లవాడు, తన తండ్రి పని లేని ఊరిని ఆదర్శమైన ఊరని చూస్తున్నాడు. పనులు చేసేవాళ్లను తీసేసి పనుల ఫలితాలను మాత్రం ఉంచడం మనువాదానికి పాత అలవాటే.

బందిపోట్ల విషయం కూడా అంతే. కార్టూన్ దొంగకు పెద్ద మీసం, ఎర్ర కండ్లు, అడవి నివాసం ఉంటాయి. ఈ దేశంలో 1871 నాటి చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసింది. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా బొమ్మ పోలేదు. విముక్త జాతుల పిల్లలు కూడా ఆ దొంగ బొమ్మనే చూసి నవ్వుతున్నారు.

తిండి సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. బలమంతా లడ్డూలోనుంచి వస్తుంది. మాంసం కొరికేది రాక్షసుడు, బొక్క చీకేది రాక్షసుడు. 2014 నాటి ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేండ్లు నిండినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అంటే దాదాపు రాష్ట్రమంతా రాక్షసుల పంక్తిలోనే కూర్చున్నట్టు లెక్క. ఇంట్ల కూర వండిన నాడు బడిలో ఆ మాట చెప్పడానికి పిల్లలు ఎందుకు వెనకాడతారో, పెద్దకూర పేరెత్తితే ఎందుకు తలదించుకుంటారో మనం వేరేగా వెతకనక్కరలేదు.

నోటి మాట

రంగు తర్వాత గొంతు. అమెరికాలో రోజినా లిప్పి-గ్రీన్ అనే భాషా శాస్త్రవేత్త 1997లో అచ్చయిన తన పుస్తకంలో డిస్నీ బొమ్మల సినిమాల్లోని పాత్రల ఉచ్చారణలను పరిశీలించారు. మంచి పాత్రలకు ప్రామాణిక అమెరికన్ ఇంగ్లీషు, చెడ్డ పాత్రలకు పరాయి యాస ఎక్కువగా పెట్టారని, పిల్లలకు వివక్ష చూపడం ఇట్లా నేర్పుతున్నారని తేల్చారు. 1992 నాటి 'అలాద్దీన్' సినిమాలో నాయికానాయకులు అమెరికా పిల్లల్లాగా మాట్లాడుతారు, చెడ్డవాళ్లకు అరబ్బు యాస ఉంటుంది.

ఇది మనకు కొత్తగా చెప్పవలసిన సంగతా? తెలుగు సినిమాలో దశాబ్దాల పాటు తెలంగాణ మాట రౌడీకి, తాగుబోతుకు, జోకరుకు పోయింది. హీరోకు కృష్ణా, గుంటూరు చదువుకున్నవాళ్ల మాట పోయింది. డబ్బింగ్ కార్టూన్లు ఆ హీరో భాషనే తీసుకున్నాయి. "అమ్మా, నాకు చాలా ఆకలిగా ఉంది" అని బొమ్మ పిల్లవాడు అంటాడు. "అవ్వా, ఆకలైతాంది" అనే పిల్లవాడు అది విని తన మాటే తప్పనుకుంటాడు. 2023లో 'బలగం' సినిమా సిరిసిల్ల ప్రాంతపు పల్లె మాటను మొదటినుంచి చివరిదాకా గౌరవంగా వినిపించింది. దాని దర్శకుడు ఈ గడ్డ మనిషే. జనం విరగబడి చూశారు. పెద్దల సినిమాలో సాధ్యమైంది పిల్లల బొమ్మలో ఎందుకు కాదు?

మతం కథలు గదా అంటే

"ఇవి దేవుళ్ల కథలు, వీటిలో కులం వెతకడం ద్వేషం" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పవలసిందే. 2025 జూలైలో 'మహావతార్ నరసింహ' అనే యానిమేషన్ సినిమా వచ్చి తెలుగుతో సహా పలు భాషల్లో పెద్ద విజయం సాధించింది. గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి ఉన్న జిల్లా మనది. ఇక్కడివాళ్లకు ఆ దేవుని మీద ఉన్న భక్తిని మేము ఎగతాళి చేయం. మన తల్లులు కూడా ధర్మపురికి పోయి మునిగి వచ్చినవాళ్లే.

అయితే ఆ కథను ఒక్క తీరుగానే చదవాలని ఎక్కడా రాసి లేదు. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరీ' రాశాడు. అవతారాల కథలన్నీ బయటినుంచి వచ్చినవాళ్లు ఇక్కడి మూలవాసుల రాజులను జయించిన చరిత్ర అని అందులో వాదించాడు. హిరణ్యకశిపుడు ఆయన దృష్టిలో మూలవాసుల రాజు, నరసింహుడు సింహం వేషం వేసుకొని స్తంభం వెనుక దాక్కున్నవాడు, బలి చక్రవర్తి రైతుల రాజు. ఫూలే చెప్పింది అక్షరాలా జరిగిన చరిత్రా కాదా అని చర్చించవచ్చు. ఓడిపోయినవాడి వైపు నిలబడి కథను చూడవచ్చని ఆయన నేర్పాడు, ముఖ్యం అది. మన తెలుగులోనే 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' రాసి రామరాజ్యాన్ని శంబుకుని వైపునుంచి చూపించాడు. పిల్లల బొమ్మల రామాయణాలు పట్టాభిషేకం కాడనే ఆగిపోతాయి. చదువు కోసం, తపస్సు కోసం తల పోగొట్టుకున్న శూద్రుడు ఆ తెర మీదికి రాడు.

అసురుడంటే కల్పన అనేవాళ్లకు ఇంకొక్క మాట. జార్ఖండ్‌లో అసుర్ అనే పేరుతోనే ఒక ఆదివాసీ తెగ ఉన్నది. ఇనుము కరిగించడం వాళ్ల పాత విద్య. ఆ తెగ పిల్లలు కూడా బడికి పోతారు, టీవీ చూస్తారు. తమ పేరున్నవాణ్ణి కడుపు చీల్చి చంపుతుంటే చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టడం వాళ్లూ చూస్తారు.

దేవుళ్ల కథలు కావు గనుక విదేశీ బొమ్మలు సురక్షితం అనుకోవడమూ పొరపాటే. 1941 నాటి డిస్నీ సినిమా 'డంబో'లో నల్లజాతివాళ్ల యాసతో మాట్లాడే కాకుల నాయకుని పేరు జిమ్ క్రో. అది నల్లవాళ్లను వేరుచేసిన చట్టాలకు ఉన్న పేరు. ఆ కాకికి గొంతు ఇచ్చింది తెల్ల నటుడు. అయితే అక్కడ జనం ఊరుకోలేదు. 'అలాద్దీన్' మొదటి పాటలో అరబ్బులను అవమానించే పంక్తిని అరబ్ అమెరికన్ల నిరసన తర్వాత 1993లో మార్చారు. పాత సినిమాల్లో కొన్ని జాతులను తప్పుగా చూపించామని 2020లో డిస్నీయే తెర మీద హెచ్చరిక వేయవలసి వచ్చింది. ఆ హెచ్చరిక కంపెనీ మంచితనం వల్ల రాలేదు. ఎనభై ఏండ్ల ప్రశ్నల ఫలితం అది. మనం ఇంకా మొదటి ప్రశ్న వేయలేదు.

ఏం చేద్దాం

సినిమాలను నిషేధించమని మేము అడగడం లేదు. నిషేధం అనే కత్తి చివరికి మన గొంతు మీదికే వస్తుందని అనుభవం చెబుతున్నది. పిల్లల చేతిలోంచి ఫోన్ గుంజుకోమనీ అనం. ఒక మంచి దళిత పాత్రను ఏదో ఒక మూలన పెట్టండి చాలని దేబిరించమనీ అనం.

ఉపాధ్యాయులకు ఒక పని చెబుతాం. మీ తరగతిలో పిల్లలకు తెల్ల కాగితాలు, రంగులు ఇచ్చి ఒక రాజును, ఒక రాక్షసుణ్ణి గీయమనండి. ఏమీ చెప్పకండి. ఏ రంగు ఎక్కడికి పోయిందో, ఏ బొమ్మకు ఎవరి మొహం వచ్చిందో చూడండి. ఆ తర్వాత పిల్లలనే అడగండి, ఎందుకిట్ల గీసిన్రు అని. ఈ వ్యాసం మొత్తం చెప్పలేని సంగతి ఆ గంటలో తెలుస్తుంది. కార్టూన్ చూసినప్పుడు "ఈ ఊర్లె చెప్పులు కుట్టేటాయన ఇల్లు ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న వేయడం నేర్పండి. ప్రశ్న నేర్చిన పిల్లను ఏ బొమ్మా మోసం చేయలేదు.

విద్యార్థులకు, కార్యకర్తలకు ఇంకో పని. మన ప్రాంతంలో ఇంకా కథ చెప్పగలిగిన దక్కలి, చిందు, కూనపులి పెద్దలను వెతకండి. వాళ్ల గొంతును రికార్డు చేయండి, పటాలను ఫోటో తీయండి. వాళ్లకు డబ్బు ఇవ్వండి, పేరు ఇవ్వండి, ముందు ఇంట్లోకి పిలిచి కుర్చీ వేయండి. ఆ చివరి మాట చేయలేకపోతే ముందటివన్నీ దండుగే. ఈనాడు ఒక ఫోన్‌తో, ఒక చిన్న కంప్యూటర్‌తో బొమ్మలకు కదలిక ఇవ్వగల పిల్లలు మన వాడల్లోనే ఉన్నారు. పటంలోని జాంబవుణ్ణి తెర మీద నడిపించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. నడిపించేటప్పుడు మన పురాణంలోని తక్కువతనాలను కూడా మనమే ప్రశ్నించి తిరగరాయాలి. లేకపోతే మనమూ ఇంకో కాలియాను తయారు చేస్తాం.

దళితవాడలో ఒక ఆట ఆడించినందుకు ఈ గడ్డ మీద ఒక మనిషి ప్రాణం పోయింది. ఇప్పుడు ఆడించడానికి అడ్డం వచ్చే దొర లేడు. ఆట మాత్రం ఆగిపోయింది. ఎవరు ఆపారని పిల్లలు రేపు అడిగితే, దొరలే ఆపిన్రు అని ఒక్క ముక్కతో తప్పించుకోలేం.